గేటు డ్యూటీ

దువ్వాడ కంపెనీ గేటు దగ్గర
రోజుకి ఆరొందల సంచులు చూస్తాను.
టిఫిన్ డబ్బా మూత తీయిస్తాను,
గొడుగు విప్పిస్తాను,
చెప్పు మడమ మీద వేలితో కొట్టి వింటాను.
పదకొండేళ్ళలో చేతులకి వచ్చిన చదువు ఇది.

తడబడేవాళ్ళ దగ్గర ఏమీ ఉండదు,
బస్సు ఆలస్యమైందన్న భయం తప్ప.
దాచినవాళ్ళే నవ్వుతారు.
"అక్కా, తిన్నావా?" అని
మనకంటే ముందు వాళ్ళే అడుగుతారు.

జూన్‌లో బడివాళ్ళు మా జ్యోత్స్నకి లాప్‌టాప్ ఇచ్చారు.
అడుగున తెల్లరంగుతో నంబరు, నాలుగు వందల పదిహేడు.
మూడు కాగితాల మీద నా సంతకం తీసుకున్నారు.
పగిలితే డబ్బు కట్టాలని తెలుగులో చెప్పారు.
మిగతాదంతా ఇంగ్లీషులో ఉంది.

వడ్లపూడిలో మాది ఒకటే గది.
తలుపుకి గడియ, గడియకి తాళం,
కిటికీకి దోమతెర,
మెట్ల కింద ఎవరొచ్చినా మొరిగే కుక్క.
ఇన్ని పెట్టుకుని
చాప మీద బోర్లా పడుకున్న పిల్ల ముఖాన
నీలం వెలుగు చూసి
లెక్కలు చేసుకుంటోంది అనుకున్నాను.
లెక్కలే చేసుకుంటోంది కూడా.

బి షిఫ్టు దిగి పదకొండింటికి ఇల్లు చేరాను.
పిల్ల ఇంకా మేలుకునే ఉంది.
"అమ్మా, తిట్టవు కదా?"
బెల్టు విప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

లెక్కల గుంపులోకి ఒకడు వచ్చాడట.
ఎనిమిదో తరగతేనట, భీమిలి అట,
బీజగణితం మాస్టారికంటే బాగా చెబుతాడట.
నాలుగు రోజులు లెక్కలు చెప్పి
అయిదో రోజు అడిగాడట
"మీ అమ్మది ఏ షిఫ్టు?"

ఒలమ్మా!
సంచి తడమలేదు, ముఖం చూడలేదు,
నా చేతులకి తెలిసిపోయింది.
అక్కా, తిన్నావా.

ఆ పెట్టెని మెట్ల మీంచి విసిరేద్దామనిపించింది.
పిల్ల వీపు మీద ఒకటి వేద్దామని కూడా, అబద్ధమెందుకు.
అప్పుడు గుర్తొచ్చింది పార్వతీపురం అమ్మాయి.
కొత్తలో దాని సంచిలో మూర లేసు ముక్క దొరికితే
పదిమందిలో అరిచాను.
అది మళ్ళీ ఏనాడూ నా వరసలో నిలబడలేదు.

"చూపించు" అన్నాను.
ఎక్కడ నొక్కితే వాడు ఆగుతాడో తనే చూపించింది.
ఆగేముందు వాడి మాటలన్నీ ఫోటో తీశాం.
నా వేళ్ళు వణికితే ఫోను తను పట్టుకుంది.

పొద్దున్న బడికెళ్ళాను.
సన్యాసిరావు మాస్టారు
"బడిలో అయితే గోడ ఉందమ్మా,
ఇంట్లో మీరే చూసుకోవాలి" అన్నాడు.
"ఆ గోడ ఏ సంచిలో పంపారు బాబూ?
నేను చూడనే లేదు" అన్నాను.
ఆయన కాసేపు మాట్లాడలేదు.
తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని
గంటన్నర ఆ పెట్టెతో కుస్తీ పట్టాడు.
పోలీసు నంబరు నా చేతిలో రాశాడు,
చెమటకి సగం చెరిగితే మళ్ళీ రాశాడు.

ఇప్పుడు లాప్‌టాప్ బియ్యం డ్రమ్ము మీద ఉంటుంది,
తెర గదిలోకి తిరిగి.
కెమెరా కంటికి పచ్చ బొట్టుబిళ్ళ,
జ్యోత్స్నే ఏరింది.
తొమ్మిదిన్నరకి మూత పడుతుంది.
"నీ ఫోను కూడా" అంది.
"నాదెందుకే?"
"చీర వీడియోలు పన్నెండు దాకా ఎవరు చూస్తారు?"
ఒప్పుకున్నాను. ఏం చేస్తాను.

నైట్ డ్యూటీ వారాల్లో పక్క గది సత్యవతక్క
మా చాప మీదే పడుకుంటోంది.

వాడెవరో ఇంకా తెలీదు.
కూర్మన్నపాలెం బస్సులో
మంచిగా నవ్వే ప్రతి ముఖాన్నీ చూస్తున్నాను.

రాత్రి గేటు దగ్గర
ఉప్పు గాలిలో బొగ్గు నుసి దిగుతుంటే
సత్యవతక్క ఫోను నుంచి పిల్ల మాట్లాడుతుంది.
"ఏం లేదమ్మా, ఊరికే."
ఆ ఊరికే నుంచి మొదలుపెట్టి
ఎవరితో మాట్లాడిందీ, ఎవరితో పోట్లాడిందీ,
తనంతట తనే ఒక్కొక్కటీ తీసి ముందు పెడుతుంది.

నేను గొడుగు విప్పమని అడగను.