కండవాయి సిరా

ఆ ఏడు ఓటు కోసం ఎవరూ గడప దాటక్కర్లేదు.
మన తరఫున యంత్రమే వేసేస్తుంది,
మనం కొన్న మందులూ, కట్టని కరెంటు బిల్లులూ,
రాత్రి ఎవరితో ఎంతసేపు మాట్లాడామో అదీ చూసి.
వార్డు సచివాలయంలో నా పని
చివర్న ఒక పచ్చ చుక్క నొక్కడం.

పెదజాలరిపేట ఉండాలా, తీసెయ్యాలా?
నేను నిద్ర లేచేసరికే
పన్నెండు వందల నలభై ఓట్లు పడిపోయాయి.
తీసెయ్యాలట. తొంభై మూడు శాతం నిశ్చయం.
నొక్కాను.
టీ ఇంకా వేడిగానే ఉంది.

పదింటికి తెడ్డు పోలమ్మ వచ్చింది,
నెత్తి మీద తట్టతోనే.
"బాబూ, నానేటన్నాను?"

చూసి చెప్పాను: ఒప్పుకున్నావమ్మా.
మూడేళ్లుగా మధురవాడలో అద్దెలు వాకబు చేస్తున్నావు,
మోకాళ్ల నొప్పికి మాత్రలు కొంటున్నావు,
తుఫాను రాత్రి ఫోనులో
"ఈ సంద్రం పక్కన ఇంకుండలేన్రా" అని ఏడ్చావు.

"ఏడిస్తే?
నా మొగుణ్ణి సచ్చిపొమ్మని రోజూ అనీదాన్ని.
అదీ రాసుకున్నారేటి?"

దానికి యంత్రంలో గడి లేదు.
వెతికాను, అబద్ధం కాదు, కిందిదాకా వెతికాను.

"ఏలికి సుక్కెట్టు. ఎల్లిపోతాను."
సిరా మా ఆఫీసులో లేదు, జిల్లాలోనే లేదు.
మిగిలిన సీసాలు పదకొండేళ్ల కిందటే వేలంలో పోయాయి.

తట్ట దించింది.
ఐసు ముక్కల మధ్య కండవాయిలు.
ఒకదాని పొట్ట బొటనవేలితో చీల్చి
ఎడంచేతి చూపుడు వేలు ముంచి
నా తెర మీద, సరిగ్గా పచ్చ చుక్క మీద అద్దింది.

మధ్యాహ్నానికి వరస లాసన్స్ బే మలుపు దాటింది.
పాత రేషన్ రిజిస్టరు వెనక పేజీల్లో
స్కేలు లేకుండా రెండు గడులు గీశాను.
చంకన పిల్లలతో ఆడవాళ్లు,
హార్బరులో పని మానుకొచ్చిన కుర్రాళ్లు.
ఉండాలన్న వాళ్లున్నారు.
తీసెయ్యండి బాబూ, విసిగిపోయాం అన్నవాళ్లూ ఉన్నారు.
గంగళ్ల అప్పలకొండ మాత్రం
చెయ్యి అడ్డంపెట్టుకుని అద్దాడు,
నాకేసి చూసి నవ్వాడు.

సాయంత్రం పైనుంచి సందేశం:
"మీ వార్డులో అసాధారణ ప్రవర్తన. వివరణ ఇవ్వండి."
ఏం రాయాలో తెలియక
చేతులు కడుక్కోడానికి వెళ్లాను.
మూడుసార్లు సబ్బు పెట్టినా నీచు వాసన పోలేదు.

రాత్రి, మా ఆవిడ పడుకున్నాక,
నా పేరు మీద యంత్రం ఏం వేసిందో
మొదటిసారి తెరిచి చూసుకున్నాను.

నేనూ ఒప్పుకున్నానట.
తొంభై తొమ్మిది శాతం.