చేబదులు

మూడు రోజుల నుంచి లిఫ్ట్‌ల అందరూ
నా దిక్కే చూస్తున్నరు.
నాలుగో అంతస్తు సులోచనమ్మ అడగనే అడిగింది:
"గ్యాస్ బంద్ చేసే వచ్చినవా బిడ్డా?"
నా చున్నీకి, టిఫిన్ డబ్బాకి,
బ్యాంకుల నేను లెక్కబెట్టే నోట్లకి
ఒకటే పెట్రోలు వాసన.

బండి కింద సిమెంటు మీద
రూపాయి బిళ్లంత మరక.
తెల్లారేసరికి ఆరిపోతది, పొద్దూకితే మళ్ల మొలుస్తది.
లీటరుకు నూట ఏడు పెట్టి పోయించి
నేలకు తాపిస్తున్న.

మెట్టుగూడ మెట్రో స్తంభం పక్క సందుల
ఎజాజన్న షాపు.
షాపంటే ఒక షట్టరు,
సీట్లు లేని మూడు బండ్లు, ఒక నీలం బకెట్టు.
ఎనక బోల్టు తీసి,
నిద్రపోయే పిల్లను ఒత్తిగిలబెట్టినట్టు
ట్యాంకును పక్కకు వంచిండు.
కింద రెండు పైపులు, రెండు నొక్కుడు జాయింట్లు.
టిక్కుమని పడితే పెట్రోలు నడవాలె,
టిక్కుమని ఊడితే ఆగాలె.
వాటికి వేరే ఉద్యోగం లేదు.
ఇప్పుడు ఊడకుండ, పట్టకుండ
చెమట పట్టి కూసున్నయి.

"ఎడమదా, కుడిదా?"
తడి రెండిటికీ ఉంది.
"వాసన చూసి చెప్పు మేడం."
నువ్వే చూడొచ్చు గదన్నా, అన్న.
పానా తుడుస్తనే ఉన్నడు, తల ఎత్తలేదు.
రెండో కరోనాల జ్వరం పోతపోత
వాసన పట్టుకపోయిందట.
"ముక్కుంది. డ్యూటీకి వస్తలేదు."
పోయిన ఎండకాలం ఒక కార్బ్యురేటర్ కారుతుంటే తెల్వక
పక్కనే వెల్డింగు పెట్టిచ్చిండు,
సగం గడ్డం కాలింది.
అప్పటి సంది వచ్చిన గిరాకీనల్లా
ముక్కు చేబదులు అడుగుతడట.

వంగిన. ఇంజను వేడి చెంపకు తాకింది.
ఎడమది ఉత్త తడి.
కుడిదాని దగ్గర కండ్లల్ల నీళ్లొచ్చినయి.
"కుడిది" అన్న,
కోర్టుల సాక్ష్యం చెప్పినంత గట్టిగ.

లోపలి రింగు తీసి నా అరచేతిల పెట్టిండు.
చంటిపిల్ల చెవిపోగంత.
ఒకపక్క చపాతీ అయింది, గోటితో నొక్కితే విరిగింది.
"ఇప్పుడు పెట్రోల్ల స్పిరిట్ కలుపుతున్నరు గదా,
నల్ల రబ్బరుకు అలవాటు లేదు పాపం."

రాణీగంజ్ పోయిన.
మూడు దుకాణాలల్ల లేదన్నరు.
నాలుగోదాంట్ల ముసలి సేటు కాంతిలాల్
ఆ విరిగిన ముక్కను కండ్లద్దాలకు ఆనించి
స్కేలు తియ్యకుండనే సైజు చెప్పిండు.
నల్లది అయిదు. గోధుమరంగుది నలభై.
"నల్లది కొను, వచ్చే నెల మళ్ల కలుద్దాం" అన్నడు.
గోధుమరంగువే నాలుగు కొన్న.

ఎజాజన్న రింగుకు చుక్క ఇంజనాయిలు రాసి
చిటికెన వేలితోని కూసోబెట్టిండు.
నొక్కిండు. టిక్.
ఊడదీసి మళ్ల పెట్టిండు. టిక్.
మూడోసారి కండ్లు మూసుకొని విన్నడు.
నేను చాబీ తిప్పిన.
పంపు సన్నగ ఈల వేసి ఆగింది.
పాత ఉర్దూ పేపరు చింపి కింద పరిచి
ఇద్దరం చాయ్ చల్లారేదాకా చూసినం.
ఒక్క అక్షరం తడవలేదు.

అయినా నమ్మకం లేదాయనకు.
"ఒక్కసారి చూడు."
మళ్ల వంగిన. పీల్చిన, గుండె నిండ.
"ఏం వస్తలేదన్నా."
"ఏమీ?"
"ఏమీ."
పానా బకెట్ల ఏసి పెద్దగ నవ్విండు:
"గట్లయితే ఇద్దరం బరాబర్."

రాత్రి అన్నం ముందర కూసుంటే
మూడుసార్లు సబ్బు పెట్టినా
వేళ్ల మీద ఇంకా ఉంది.
నాలుగోసారి లేవబోయి,
చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని
కాసేపు అట్లనే కూసున్న.