చల్లని నెత్తురు

ఏరు మూలం, ఋషి మూలం వెతకొద్దంటారు.
గుర్రం మూలం వెతకడమే నా జీతం.
యెమ్ట్‌లాండ్‌లో, మార్చిలో, సరస్సులింకా గడ్డకట్టే ఉన్నప్పుడు
సూదులూ సీసాలూ వంశావళి పుస్తకమూ కారులో వేసుకుని
లాయం లాయం తిరుగుతాను.

ఇక్కడి గుర్రాలది చల్లని నెత్తురట.
పుస్తకం అట్ట మీదే రాసి ఉంటుంది.
అడవిలో దుంగలు లాగిన జాతి. మెడ పొట్టి, జూలు దట్టం,
గిట్టల మీదికి గొర్రెబొచ్చులా జారే వెంట్రుకలు.
సముద్రం అవతలి నుంచి వచ్చిన
సన్నకాళ్ళ అమెరికా గుర్రాలది వేడి నెత్తురు.
రెండూ కలవకూడదు. కలిస్తే
పందెంలో పేరుండదు, పుస్తకంలో చోటుండదు.
మెడ మీద చెయ్యి వేసి చూస్తే మాత్రం
ఏది ఏదో నాకెప్పుడూ తెలియలేదు.

హాల్వార్ లాయం సరస్సు ఒడ్డున ఆఖరిది.
లోపల మీరుల్ -
చిత్తడినేలల్లో పూసే తెల్లపత్తిగడ్డి పేరు పెట్టారు దానికి -
ఇరవై రెండో ఏడు, కింది పెదవి వేలాడేసి నిలబడి ఉంది.
పిల్లలు ఎనిమిది, మనవలు నలభై ఒకటి.
ఈ ఉత్తరాన ఏ పందెం బోర్డు చూసినా
మొదటి మూడు పేర్లలో ఒకటి దీని కడుపు పంటే.

పరుగు కాదు వీటి పందెం.
వెనక రెండు చక్రాల బండి, దాని మీద కాళ్ళు చాపుకున్న మనిషి,
ఎంత వేగమైనా నడక నడకగానే ఉండాలి,
కుడి ముందరికాలుతో ఎడమ వెనకకాలు, టకటక, టకటక.
ఒళ్ళు మరిచి దౌడు తీసిందా
పక్కకు తప్పుకోవాలి.

ముసలాయన కాఫీ పోశాడు.
పుస్తకం నా ముందుకు తోశాడు.
"దీని తండ్రి ఎవరని ఉంది?"
"ఎల్ద్‌బ్రూన్. వెమ్‌దాలెన్ మగగుర్రం."
"కింద సంతకం?"
ఓత్తిలియా. ఆయన భార్య.
గుండ్రటి అక్షరాలు, చివరిదాని తోక కాస్త వణికింది.

అరవై నాలుగు జూన్‌లో తను ఏటి మీద ఉన్నాడట,
దుంగలు దిగువకు వదిలే పనిలో, మూడు వారాలు.
రాత్రికీ చీకటి పడని రోజులు.
ఎవరి కంటా పడకుండా ఎవరూ ఎక్కడికీ పోలేని రోజులు.
అవతలి ఒడ్డున ఒక కలప వర్తకుడి దగ్గర
ఓడలో దిగిన నల్ల మగగుర్రం ఉండేది.

"పిల్లని కాళ్ళు పట్టి బయటికి లాగింది నేనే.
మోకాలి కింది ఎముక నా బొటనవేలికి తెలిసింది.
సన్నం. మా గుర్రాలది కాదు.
తలెత్తి చూశాను.
ఓత్తిలియా లాంతరు పట్టుకుని ఉంది.
లాంతరు కదల్లేదు."

"అడగలేదా?"
"చెప్పలేదు."

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు.
ఇక్కడ మొలిచింది.
లాయానికి కొత్త కప్పు వేసింది, ఓత్తిలియాకు కుట్టుమిషను కొంది,
మొన్న శరదృతువులో ఆమె సమాధి రాయికీ
దాని గెలుపు డబ్బే.

"నూట పన్నెండు పందేలు," అన్నాడు కిటికీలోకి చూస్తూ.
"ఒక్కసారీ నడక తప్పలేదు."
కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు.
రెండోసారి ఎవరి గురించో
నేను అడగలేదు.

సూది తీసేసరికి తనే లేచి పగ్గం పట్టుకున్నాడు,
దాని కళ్ళు అరచేత్తో మూశాడు.
నరం దొరకడానికి రెండుసార్లు గుచ్చాను.
అది చెవి మాత్రం కదిపింది.

ఓస్తెర్‌సుండ్ ఇంకా డెబ్బై కిలోమీటర్లు.
కారులో హీటరు పనిచేయదు. పెట్టెలో ఉంచితే
నెత్తురు గడ్డకట్టి నమూనా పాడవుతుంది,
అలా పాడైనవి ఏటా నాలుగో అయిదో ఉంటాయి, ఎవరూ ఏమీ అనరు.
సీసా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.
తీసి పెట్టెలో పెట్టాను.
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

సరస్సు మలుపులో ఎవరో కుర్రాడు
మంచు మీద రెండేళ్ళ పిల్లని బండికి కట్టి తోలుతున్నాడు.
అది టకటకలాడుతూ వచ్చి వచ్చి
ఉన్నట్టుండి నాలుగు కాళ్ళూ గాల్లోకి ఎత్తి దౌడు అందుకుంది.
వాడు కళ్ళెం లాగలేదు.
చుట్టూ చూశాడు. నా కారు కనిపించింది.
అప్పుడు లాగాడు.