నిప్పుల బావి

మా రొట్టెల పొయ్యి నేలలోకి దిగిన మట్టి బావి.
అడుగున నిప్పులు, చుట్టూ గోడకి రొట్టెలు.
రొట్టె అంటించాలంటే
నడుము దాకా లోపలికి వంగాలి.
ఒక కాలు గాల్లోకి లేస్తుంది.
ఊపిరి బిగబట్టాలి,
కనుబొమలు కమురు కంపు కొడతాయి.

కుతాయిసిలో, బస్టాండు వెనక,
ఇరవై రెండేళ్లు నాజిబ్రోలా అలాగే వంగింది.
ఎవరూ భయపడలేదు.

మార్చిలో ఆసుపత్రికి వెళ్లింది, జూన్‌లో వచ్చింది.
కాస్త ఒళ్లు చేసింది. వేళ్లలో సన్నటి వణుకు.
"కొన్నాళ్లు తేలిక పని చెయ్యి" అన్నాడు యజమాని ఒతార్,
పొయ్యికీ ఆమెకీ మధ్య స్టూలు వేసుకుని.
పిండి కోసే కత్తి సొరుగులోకి పోయింది,
సొరుగు తాళంచెవి నా చొక్కా జేబులోకి.

ఆమెకి కాగితం సంచులు మడతపెట్టే పని.
ఆమె చేసిన రొట్టెల కొసలు పడవ మొనల్లా ఉండేవి.
నావి ఇప్పటికీ వంకరే.
కొనేవాళ్లు ఏమీ అనరు, తీసుకుపోతారు.

ఎతేరి ముసలమ్మ చిల్లర ఆమె చేతికివ్వదు,
బల్ల మీద పెట్టి వేళ్లు వెనక్కి లాక్కుంటుంది.
"ఎలా ఉంది?" అని నన్నడుగుతుంది,
ఆమె అక్కడే, మూరెడు దూరంలో ఉండగా,
ఊళ్లో లేని మనిషిని గురించి అడిగినట్టు.

ఆ మాట మాత్రం ఎవరమూ అనం. మర్యాదస్తులం.
గొంతు తగ్గిస్తాం, అంతే.

నవ్విందంటే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.
నవ్వకపోయినా చూసుకుంటాం.
మొన్న పిండి తెచ్చినవాడు
బస్తాకి మూడు కిలోలు తక్కువ తూచాడు.
పట్టుకుంది. అరిచింది. న్యాయమైన అరుపు.
ఒతార్ వాడి చెవిలో ఏదో ఊదాడు.
వాడు తలాడించి, జాలిగా నవ్వి,
ఆ మూడు కిలోలతోనే వెళ్లిపోయాడు.

నిన్న మధ్యాహ్నం బేరాల్లేవు.
మడత మీద గోరు రాస్తూ, తలెత్తకుండా అంది:
"నువ్వు ఎనిమిదింటికి వేసుకునే మాత్ర,
మధ్యలో గీత ఉన్నది, విరిచి సగం దాచుకునేది,
నాకూ అదే రాశారు."

బీపీది, అన్నాను.
మూడేళ్లుగా అంటున్నదే. ఒతార్‌తో, ఎతేరితో,
ఇంట్లో ఖాతునాతో కూడా.
అబద్ధం అరిగి అరిగి నున్నగా అయిపోయింది,
నోట్లో ఎక్కడా గుచ్చుకోదు.

"బీపీదే" అంది. "ఉప్పు తగ్గించు మరి."
వెతికాను, గొంతులో ఎత్తిపొడుపు లేదు.
ఇంకో సంచి మడిచింది.

నేను లేచి పొయ్యిలోకి వంగాను.
నడుము దాకా, తలకిందులుగా, ఒక కాలు గాల్లో.
నా కోసం ఎవరూ స్టూలు జరపలేదు,
ఎవరూ ఏప్రన్ అంచు పట్టుకోలేదు.

జేబులోంచి తాళంచెవి జారింది.
నిప్పుల్లో అది పడ్డ చప్పుడు
ఇద్దరం విన్నాం.

ఒతార్ అడిగితే ఏం చెప్పాలో
ఇంకా అనుకోలేదు.