వెనకడుగు

మోరాలో మంచు పడ్డాక పొలంలో పనుండదు.
ఒక ఇంట చక్రాలు కోస్తారు, ఇంకో ఇంట గంటలు పోస్తారు.
బార్బ్రో ఇంట లంగరు.
ఓడది కాదు,
అరచేతిలో ఇమిడే ఉక్కు వంపు,
రెండు కొసలా రెండు కొక్కేలు.
లోలకం ఊగినప్పుడల్లా
పళ్లచక్రంలో ఒక పన్ను తప్పించుకుంటుంది,
వెంటనే ఇంకోటి చిక్కుతుంది.
టిక్కుమనేది ఆ చిక్కడమే.

ఆ ఏడు ఫాలున్ గనుల గుమాస్తా
కొత్త గడియారమొకటి తెచ్చి
సెకన్ల ముల్లు చూడమన్నాడు.
పడింది. ఆగింది.
అంతే.

వీళ్ల ముల్లు అలా కాదు,
అడుగేసి, జడిసినట్టు
వెంట్రుకవాసి వెనక్కి జరిగి
అప్పుడు నిలబడేది.
చలికి నూనె పేరుకున్న రోజు మరీను.

"అదీ ఒక తప్పేనా?" నవ్వాడు హాల్వార్.
బార్బ్రో వినలేదు.
వృత్తలేఖిని ఇరుసు మీద గుచ్చి
కొక్కెం ముఖాన కొత్త వంపు గీసింది.
పన్ను వచ్చి ఆనాలి, తోయించుకోకూడదు,
లోలకం తన ఊపు తాను ముగించుకునేదాకా
కదలకుండా కాచుకోవాలి.

పదకొండు కొక్కేలు పాత ఇనుములోకి పోయాయి.
సిల్యాన్ సరస్సు మంచు
నెర్రెలిచ్చి మూలిగిన రాత్రి
పన్నెండోది బిగించింది.
పడింది. ఆగింది.
పడింది. ఆగింది.
దీపంలో కొవ్వు అయిపోయేదాకా చూసింది.

వసంతంలో బేరగాడొస్తే
గోడకున్న పాతదాన్ని మాత్రం అమ్మనివ్వలేదు.
ఎందుకంటాడు హాల్వార్.
ఆకురాయి పావడాకు తుడుచుకుంటూ అంది:
"దాటొచ్చిన క్షణం వైపు
అదొక్కటే ఓసారి తిరిగి చూస్తుంది."
అని, ఆవులు అరుస్తుంటే
కొట్టంలోకి వెళ్లిపోయింది.