ఇల్లరికం

ఆదివారం, ట్రిస్టాన్ నర్వాహా వీధి.
చిలకల పంజరాలకీ, పాత పళ్లసెట్ల బల్లకీ నడుమ
మా దుకాణమంటే రెండు పీపాలు, వాటిమీద ఒక తలుపు.
తలుపు నిండా ఊరూ పేరూ లేని ముక్కలు.

యమందూ జేబురుమాలు విప్పాడు.
బొటనవేలంత గోధుమరంగు రోటర్,
నెత్తిన ఇత్తడి పట్టీ, కింద అలిసిపోయిన స్ప్రింగు.
"తాతయ్య రగ్బీ కార్లో దొరికింది.
కంపెనీది కాదంటున్నారు. మరి ఎవరిది?"

లీబెర్ ఎచెగోయెన్ మాతే గొట్టం నోట్లోంచి తియ్యకుండానే
దాన్ని ప్యాంటు మీద పరపరా రుద్ది వాసన చూశాడు.
నా ముక్కు దగ్గరా పెట్టాడు:
కార్బాలిక్. ఆసుపత్రి వరండా.
"బేకలైటే. నాకన్నా పెద్దది."

కొలవడం నా వంతు.
రంధ్రం అరంగుళానికి వెంట్రుకవాసి తక్కువ.
అడుగున అచ్చులో పోసిన రెండక్షరాలు:
ఒకటి కే, రెండోది అరిగి సున్నాయో, సీయో.
దాని కింద, పేటెంటుకి అర్జీ పెట్టుకున్నామన్న మాట.
ఆ అర్జీ ఏ సొరుగులో నిద్రపోయిందో.

ఆ రోజుల్లో ఉత్తరాన, ఒహైయోలో, ఇండియానాలో
ప్రతి కోళ్లగూటి వెనకా ఒక ఇగ్నిషన్ కంపెనీ ఉండేదట.
కారు చేసినవాడి నిప్పుకన్నా మా నిప్పు లావు
అని పత్రికలో పావు పేజీ ప్రకటన,
మూడో ఏడు గుమ్మానికి తాళం.
యజమానులు పోయారు, అచ్చులు కరిగిపోయాయి.
ఇంజన్లలోకి ఇల్లరికం వెళ్లిన ముక్కలు మాత్రం
అత్తింటి పేరు మీదే చలామణీ అవుతూ
సొంత ఇంటిపేరు అడిగితే నీళ్లు నములుతున్నాయి.

మూడు క్యాటలాగులు తిరగేశాం.
ఒకటి బ్యూనస్ ఎయిరిస్‌ది, ఒకటి ఎలుకలు తిన్నది,
ఒకటి అట్టలే లేనిది.
బొమ్మలన్నీ పైనుంచి గీసినవే.
పైనుంచి చూస్తే ఏ రోటరైనా ఒకటే,
బాల్కనీలోంచి చూసిన బట్టతలల్లాగా.

"తిరగెయ్యి," అన్నాడు లీబెర్.
లోపల రెండు గాళ్లు.
ఒకటి అచ్చులోనే పుట్టింది, నున్నగా ఉంది.
రెండోది పావు చుట్టు పక్కన, ఎవరో ఆకురాయితో కోసింది.
అంటే ఇది రగ్బీకని పుట్టలేదు.
ఇంకేదో బండిది, దీని మెడ తిప్పి
ఈ షాఫ్టు మీద కూర్చోబెట్టారు.

భూతద్దం కింద గీతలు కనిపించాయి.
నేను రోజూ గీసే గీతల్లా కుడికి వాలలేదు,
అన్నీ అటు.

మాతే గొట్టం ఖాళీగా గురగుర మంది.
లీబెర్ దాన్ని పీలుస్తూనే ఉన్నాడు.

నాకు చెప్పింది ఆ సాయంత్రం, తలుపు మడిచి,
కాదు, తలుపు మడవలేం కదా, నెత్తిన పెట్టుకుని
బస్సు కోసం నిలబడ్డప్పుడు:
పైసాందూలో, యుద్ధం వల్ల ఓడలు రాని ఏళ్లలో,
నీబియా అని ఒకావిడ ఉండేది, గ్యారేజీలో ఏకైక స్త్రీ.
బళ్లో సన్యాసినులు ఆమె ఎడమచేతిని
బల్లకి కట్టేశారట నాలుగేళ్లు.
కుడిచేత్తో రాయడం వచ్చింది.
ఆకురాయి మాత్రం ఎడమచేతికే వెళ్లేది.
పదేళ్ల లీబెర్ పని, పక్కన దీపం పట్టుకోవడం.
"తప్పు వైపు నిలబడేవాణ్ణి. నీడ పడేది. మొట్టికాయ పడేది."

అప్పుడు, ఆ బల్ల దగ్గర మాత్రం ఏమీ అనలేదు.
చూసినందుకు డబ్బులు వద్దన్నాడు.
స్ప్రింగు మార్చి, ఇత్తడికి మసి తుడిచి,
జేబురుమాల్లోనే చుట్టి ఇచ్చాడు.
"ఎవరు చేశారో తెలిసిందా?" అడిగాడు యమందూ.
"కంపెనీ తెలియలేదు."

అతను చిలకల దాకా వెళ్లాడు.
లీబెర్ లేచి నిలబడి కేకేశాడు,
అంత గొంతు ఆయనకుందని నాకు తెలియదు,
"వదులుగా ఉందనిపించినా సరే,
దాన్ని ఇంకేం అరగదియ్యకు!"