వీధి పేరు

ట్యాబ్‌లో మొదటి గడి: వీధి పేరు.
నింపకపోతే ముందుకు కదలదు.
మా లంకలో వీధులెక్కడివి?
కొబ్బరితోట గట్టు, గట్టు దిగితే ఇసుక,
ఇసుక దాటితే గోదారి.
మూడు నెలలు ‘మెయిన్ రోడ్డు’ అని అబద్ధం రాశాను.

తెలిశాక మరియరత్నం డాక్టరు గారు కోప్పడలేదు.
కాకినాడ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి రప్పించి
చెప్పులు చేతబట్టించి పడవెక్కించారు.
రేవులో దిగీదిగగానే
మోకాలిదాకా ఒండ్రులో కూరుకుపోయాడు.
“ఇప్పుడు రాయి బాబూ,
నువ్వెక్కడున్నావో” అన్నారు.

ఆ వారమే గడి మారింది:
ఏ రేవు? పడవకి ఎంతసేపు?
సిగ్నల్ లేకపోతే మాట దాచుకుని
అవతలి గట్టున చెబుతుంది.

ఎర్రనీరు తగిలింది.
ధవళేశ్వరంలో రెండో హెచ్చరికకి ముందే
తెర మీద ఐదు పేర్లు, నెలలు నిండినవాళ్లు.
నలుగురు పడవెక్కారు.
కడలి వీరవేణి మాత్రం
“మా గేదె ఈనాలి, నే రాను” అంది.

దానికి గడి లేదు.
టార్చిలైటుతో డాక్టరు గారే వచ్చి
పాకలో గోనె పరుచుకుని
వీరవేణి పక్కన కూర్చున్నారు,
నీళ్లు పుంత దాకా వచ్చినా లేవలేదు.
కోడికూతకి దూడ పడింది.
ముగ్గురం, దూడతో నలుగురం, గేదె వెనకాల ఈదుతూ.

ఆలస్యానికి కారణం? అడిగింది ట్యాబు.
ఈసారి నిజమే రాశాను.